మంచము ప్రక్కనున్నవారు

ధ్యానమునకు వాక్యభాగము: 2 సమూయేలు 17వ అధ్యాయము, 27 నుండి 29 వరకు వచనములు

ఈ మాసము మేము మీతో ఒక చిన్న ప్రశ్నను గూర్చి మాటలాడగోరుచున్నాము. చిన్నదని అన్నాము గాని దానికి జవాబు వెదకుటకు మా సంఘమునకు చాల కాలము పట్టినది. ప్రశ్న యిది: ఒక మనుష్యుడు ఇక బ్రదుకడని తెలిసిన తరువాత, అతని మంచము ప్రక్క కూర్చున్నవారికి మనము ఒక చాపయో, దుప్పటియో, ఫ్లాస్కో తీసికొనిపోవుట వలన ప్రయోజనమేమి? ప్రాణము పోవుచున్న చోట దుప్పటి యేపాటిది? అంతేగాక, స్వస్థపరచుమని దేవుని అడుగుచునే అటువంటివి చేతికిచ్చుట మన విశ్వాసమునకు లోటు కాదా?

ఈ ప్రశ్న మాకెట్లు పుట్టెనో ముందుగా చెప్పెదము. కొన్ని యేండ్ల క్రిందట మా సంఘములో కూలిపని చేసికొను ఒక సహోదరునికి కాలేయము చెడి పొట్టలో నీరు చేరినది. మండల కేంద్రములో చూపించగా అక్కడివారు పట్టణములోని పెద్దాసుపత్రికి పంపిరి. పిల్లలిద్దరిని తన తల్లి యొద్ద విడిచి భార్య వెంట వెళ్లినది. మాలో కొందరు, "తాగి తెచ్చుకొన్న రోగమే గదా" అని పరామర్శకు కదలలేదు. అతడు పూర్వము తాగినమాట నిజమే. కాలేయము చెడుటకు తాగుడొక్కటే కారణము కాదని, రక్తములో చేరు కామెర్ల వ్యాధి వలన కూడ చెడునని తరువాత ఒక డాక్టరుగారు మాకు చెప్పిరి. అయినను అప్పుడు మాకు ఆ విచారణ లేదు.

ఎనిమిది దినములైన తరువాత, ఆదివారపు ఆరాధన ముగించుకొని మేము పదునొకండు మందిమి ఒక ఆటో మాటలాడుకొని బయలుదేరితిమి. వట్టి చేతులతో పోలేదు సుమా. డజను ఆపిలు పండ్లు, రెండు హార్లిక్సు సీసాలు, ఒక రొట్టె కొని తీసికొనిపోతిమి. ఇద్దరికంటె ఎక్కువ పోరాదని గేటు దగ్గర కాపలావాడు అనగా, బతిమాలి అయిదుగురము లోపలికి పోతిమి. మంచము చుట్టు నిలిచి ఒక కీర్తన పాడి, ప్రక్క మంచములవారు తలలెత్తి చూచునంత గట్టిగా ప్రార్థన చేసితిమి. ఇతనిని లేపి మా మధ్య నిలువబెట్టుమని అడిగితిమి. మాలో ఒక యౌవనుడు ఫోనుతో ఫోటో తీసెను. ప్రొద్దు గ్రుంకకముందే ఊరు చేరితిమి. మంచి పని చేసితిమను తృప్తితో ఆ రాత్రి మాకు నిద్ర బాగుగా పట్టినది.

ఆ సహోదరుడు పందొమ్మిదవ దినమున ప్రభువునందు నిద్రించెను. నెల గడచిన తరువాత మేము ఆమెను చూడబోయినప్పుడు మాటల మీద ఆమె యిట్లనినది:

"అయ్యగారూ, ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. మీరు తెచ్చిన హార్లిక్సు సీసాలు గేటు బయట కొట్టాయనకి సగం ధరకి ఇచ్చేశానండి. ఆయనకి ముక్కులో గొట్టం వేశారు, ఇంక తాగేదెక్కడ? ఆ డబ్బులతోనే నాలుగు రోజులు టీ తాగాను."

మా మనస్సు మొదట కొంచెము నొచ్చుకొన్నది, దాచుట యెందుకు? ప్రేమతో ఇచ్చినదానిని అమ్ముకొనుట యేమని తోచినది. ఆమె అంతటితో ఆపియుండినచో మేము అట్లే తలంచుచు ఇంటికి వచ్చియుందుము. కాని ఆమె ఇంకను చెప్పినది. పందొమ్మిది రాత్రులు వార్డు బయటి వరండాలో వట్టి గచ్చుమీద కొంగు పరచుకొని పండుకొన్నది. వెంట తీసికొనిపోయినవి రెండు చీరలు. ఉతికినది ఆరవేయుటకు చోటు లేక తడిదానినే కట్టుకొన్నది. పందొమ్మిది దినములు తలకు నూనె లేదు. ఫోనులో చార్జి లేక, చివరి రాత్రి పిల్లల గొంతు తండ్రి చెవికి వినిపింపలేకపోయినది. ఇది చెప్పునప్పుడు మాత్రము ఆమె ఏడ్చినది.

మేము పోయిన దినమున ఆమె మా యెదుటనే నిలిచియుండెను. "నీవు తిన్నావా అమ్మా?" అని మేమెవరమును అడుగలేదు. పదునొకండు మందిమి పోయి మంచము మీదివానిని చూచి వచ్చితిమి. మంచము ప్రక్కనున్న ఆమెను చూడలేదు.

ఇప్పుడు పైన చూపిన వాక్యభాగమును తెరచి చదువుడి. దావీదు రాజు సొంత కుమారుడైన అబ్షాలోము తనమీద లేచినందున యెరూషలేమును విడిచి, చెప్పులు లేని కాళ్లతో, తల కప్పుకొని ఏడ్చుచు ఒలీవల కొండ యెక్కి, యొర్దాను దాటి మహనయీము చేరెను. అక్కడ ముగ్గురు మనుష్యులు అతనికి ఎదురు వచ్చిరి. ఒకడు అమ్మోనీయుడైన షోబీ, ఒకడు లోదెబారువాడైన మాకీరు, మూడవవాడు రోగెలీమువాడైన బర్జిల్లయి. వారు తెచ్చిన వస్తువులన్నిటిని లేఖనము పేరు పేరున వ్రాసినది. ఆ వరుసలో మొదటిది ఏదో గమనించితిరా? కత్తులు కావు, బంగారము కాదు. పరుపులు. ఆ తరువాత పాత్రలు, కుండలు. అటుపిమ్మటనే గోధుమలును, పిండియు, పప్పుధాన్యములును, తేనెయు, వెన్నయు.

మేము ఈ భాగమును ఎన్నిమారులు చదివియున్నను ఆ పరుపుల దగ్గర ఒక్కనాడును ఆగలేదు. ఆ స్త్రీ ఇంటినుండి వచ్చిన రాత్రి ఆగితిమి.

ఆ ముగ్గురు దావీదు దుఃఖమును తీర్చలేదు, తీర్చగలిగినవారును కారు. కొద్ది దినములలోనే యుద్ధము జరిగి ఆ కుమారుడు చనిపోయెను. గుమ్మము పైని గదికి ఎక్కి ఆ తండ్రి ఎట్లు ఏడ్చెనో మీరు ఎరుగుదురు. ఆ దుఃఖమునకు దావీదు పాపమే మూలమని చెప్పువారు ఆ దేశములో లేకపోలేదు. అదే మార్గమున షిమీ అనువాడు రాళ్లు రువ్వుచు దూషించుచు నడచెను. షిమీ చెప్పినదానిలో కొంత నిజము కూడ ఉండవచ్చును. కాని రాజుతోకూడ నడచి అలసిన జనులకు ఆ నిజము వలన ఏమి దొరికినది? దుమ్మును రాళ్లును దొరికినవి. బర్జిల్లయి మాత్రము దోషమెవరిదని విచారింపలేదు. వీరు అడవిదారిని వచ్చిరి, ఆకలిగొనియుందురు, అలసియుందురు, దాహముతో నుందురని తలంచెను. ఈ తలంచుటయే మాలో లేకపోయినది. ఆసుపత్రికి పోవునప్పుడు ఏమి కొనవలెనని తలంచితిమిగాని, రాత్రి పదిగంటలకు ఆ వరండాలో ఆమె ఏమి చేయుచుండునని ఒక్క నిమిషమైనను తలంచలేదు.

"తాగి తెచ్చుకొన్నాడు" అన్నవారికి ఒక్కమాట. అతడు తాగినాడు సరే, ఆమె తాగలేదే!

ఇంతవరకు చదివినవారు తప్పు తెలిసినది గనుక సరిదిద్దుకొంటిమని తలంచవచ్చును. అట్లు జరుగలేదు. ఆమె మాటలు విన్న మా స్త్రీల సమాజమువారు, మందిరములో ఒక పెట్టె ఉంచి దానిలో చాప, దుప్పటి మొదలైనవి సిద్ధముగా పెట్టుదమని, ఎవరైనను రోగితో పట్టణమునకు పోవునప్పుడు ఇచ్చి పంపుదమని చెప్పిరి. అప్పుడు మా సంఘ పెద్దలలో ఒకరు లేచి అభ్యంతరము చెప్పిరి. ఆయన పిసినారి కారు, కఠినులు కారు. ఆయన కుమార్తెకు చిన్నతనమున మెదడువాపు జ్వరము వచ్చి, డాక్టర్లు ఆశ వదలుకొనిన తరువాత కూడ బ్రదికినది. సంఘమంతయు మూడు దినములు మోకాళ్లమీద నుండిన సంగతి మేమును ఎరుగుదుము. ఆయన యిట్లనిరి: "దుప్పటి, చాప తీసుకెళ్లి చేతికిస్తే అర్థమేంటి? నీ మనిషి లేవడు, నువ్వు ఇక్కడ చాలా రాత్రులు ఉండాలి అని చెప్పినట్టు కాదా? ఒక చేత్తో స్వస్థత అడిగి ఇంకో చేత్తో చావుకి పక్క పరుస్తామా?"

ఈ మాటను తేలికగా త్రోసివేయకుడి. మన పల్లెలలో అనేకుల మనస్సులో ఉన్నది ఇదే. అందుచేతనే చనిపోవుచున్నవాని ఇంటివారితో ఎవరును సత్యము పలుకరు. "ఏమీ కాదు, లేచి వస్తాడు" అని చెప్పి వచ్చివేయుదురు. ఆ మాట చెప్పుట చెప్పువానికి సుఖము. వినువారు మాత్రము తమకు తెలిసినదానిని ఎవరితోను చెప్పుకొనలేక ఒంటరియగుదురు.

పెద్దగారి ప్రశ్నకు మేము లేఖనములో వెదకితిమి. మార్కు సువార్త 14వ అధ్యాయములో బేతనియలో ఒక స్త్రీ విలువగల అత్తరు తెచ్చి ప్రభువు తలమీద పోసెను. మున్నూరు దేనారములకంటె ఎక్కువ వెల గలది. అనగా ఒక కూలివానికి ఇంచుమించు ఏడాది జీతము. చూచినవారు ఈ నష్టమెందుకని గొణిగిరి. ప్రభువు తన మరణమును గూర్చి అంతకుముందు ఎన్నిమారులు చెప్పినను శిష్యులు వినుటకు ఇష్టపడలేదు; పేతురు ఆయనను గద్దింపను కూడ మొదలుపెట్టెను. ఈ స్త్రీ చేసినదానిని మాత్రము ప్రభువు తన భూస్థాపన నిమిత్తము ముందుగా చేసినదిగా అంగీకరించెను. ఆమెకు అవిశ్వాసమను పేరు పెట్టలేదు. ఆదివారము తెల్లవారుచుండగా సుగంధద్రవ్యములు తీసికొనిపోయిన స్త్రీలున్నారు గదా, వారి ప్రేమ తక్కువది కాదు. అయినను వారు తెచ్చినది ఆ దేహమును తాకలేదు. బ్రదికియుండగా ఆయనకు అందినది బేతనియ స్త్రీ తెచ్చిన అత్తరే.

మరియు యోహాను 11వ అధ్యాయములో, లాజరును లేపబోవుచున్నానని తెలిసియు ప్రభువు సమాధికి పోవు త్రోవలో మరియతోకూడ కన్నీరు విడిచెను. కొంచెము సేపటిలో ఏడ్పు సంతోషమగునని తెలిసినవానికి అప్పుడు ఏడ్వవలసిన పనియేమి? మా మట్టుకు మేము గ్రహించినది యేమనగా, ఆదరించుటయు ఆశించుటయు ఒకదానితో ఒకటి పోట్లాడుకొనునవి కావు. ఇంతకును చాపకు ప్రవచనము తెలియదు. రోగి లేచినను లేవకపోయినను, ఈ రాత్రి అతని భార్య ఎక్కడనో పండుకొనవలెను గదా.

ఈ సంగతులు చెప్పినప్పుడు పెద్దగారు చాలసేపు మాటలాడలేదు. "ఆలోచిస్తాను" అని మాత్రము అనిరి. ఆయన ఇప్పటికిని పూర్తిగా ఒప్పుకొనలేదు. అయినను పెట్టెలో పెట్టిన మొదటి చాప ఆయన కొనినదే.

ఇక ఆ వస్తువులను గూర్చి కొంచెము చెప్పవలెను. పైపైన చూచువారికి అవి వట్టి సామానుగా కనబడును. డాక్టరు బయటికి వచ్చి, "ఇక మేము చేయగలిగినది ఏమీ లేదు" అని చెప్పునప్పుడు, ఆ మాట రోగికంటె ప్రక్కనున్నవారి మీద బరువుగా పడును. ఇరువది యేండ్లు వండిపెట్టిన చేతులు, బట్టలుతికిన చేతులు ఒక్కసారిగా పనిలేనివైపోవును. వారు వచ్చి మంచము అంచు పట్టుకొని ఊరక నిలిచియుందురు. అట్టివారికి చేయుటకు ఏదైన ఒక పని దొరకునట్లు చేయునదే మంచి కానుకయని మాకు ఒక నర్సమ్మగారు నేర్పిరి. ఆమె చెప్పినవి ఇవి. మరణము సమీపించినవానికి నోరు ఎండిపోవును, నీరు త్రాగలేడు. శుభ్రమైన మెత్తని గుడ్డనో దూదినో నీటిలో ముంచి, పిండి, పెదవులు తడుపవచ్చును. పాదములకు కొంచెము కొబ్బరినూనె మెల్లగా రాయవచ్చును. ఇంటిదగ్గర అతడు వాడుకొను దిండు గలేబునో పాత దుప్పటినో తెచ్చి కప్పవచ్చును. మాటలాడని రోగి కూడ చివరివరకు వినుచుండవచ్చునని వైద్యులు చెప్పుదురు గనుక, చెవిదగ్గర పేరు పెట్టి పిలిచి మాటలాడవచ్చును. ఇవన్నియు అక్కడి నర్సును అడిగి చేయవలెను.

ఆ నర్సమ్మగారే మరియొక సంగతి చెప్పిరి. అది మన పల్లెలలో తప్పక తెలియవలసినది. దేహము తన పనులను ఒక్కొక్కటిగా చాలించుకొనునప్పుడు ఆకలి కూడ పోవును. అట్టివాని నోటిలో బలవంతముగా గంజి పోసినచో అది ఊపిరితిత్తులలోనికి దిగి మరింత బాధ పెట్టును. ఇది తెలియక బంధువులు, "కడసారి నాలుగు మెతుకులు కూడా పెట్టలేదు" అని ఆ భార్యను లేక ఆ కోడలిని ఏండ్ల తరబడి ఎత్తిపొడుతురు. అదే విధముగా చివరి గంటలలో కాళ్లు చేతులు చల్లబడును, ఊపిరి కొంచెముసేపు ఆగి మరల వచ్చును, గొంతులో గురగుర శబ్దము పుట్టును. ఆ శబ్దము వినువారికి భయము కలిగించునంతగా రోగిని బాధింపదని డాక్టర్లు చెప్పుదురు. ముందుగా ఈ మాటలు మెల్లగా చెప్పియుంచువాడు ఒక దుప్పటి ఇచ్చినవానికంటె తక్కువ మేలు చేసినవాడు కాడు.

నొప్పిని గూర్చి కూడ ఒక మాట. కొందరు విశ్వాసులు నొప్పిని ఓర్చుకొనుటయే భక్తియని తలంచి మందు అడుగరు. క్యాన్సరు నొప్పికి మార్ఫిన్ అను మందు కలదు. మన దేశములో అది దొరకుట చాల కష్టముగా నుండెను. 2014లో చట్టము సవరింపబడినందున కొంత సులభమైనది. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో ఇట్టి రోగుల బాధ తగ్గించుటకు ప్రత్యేక విభాగము కలదు. అడుగుటకు సిగ్గుపడనక్కరలేదు.

ఈ పని ఎక్కడనుండి వచ్చినదో తెలిసికొనగోరువారికి ఒక చిన్న చరిత్ర చెప్పెదము. 1948లో లండను పట్టణపు ఆసుపత్రిలో డేవిడ్ తాస్మా అను పోలెండు దేశపు యూదుడు క్యాన్సరుతో చనిపోవుచుండెను. ఆ పట్టణములో అతనికి తనవారు లేరు. రోగుల కష్టసుఖములు విచారించు ఉద్యోగములోనున్న సిసిలీ సాండర్సు అను క్రైస్తవ స్త్రీ అతనియొద్ద కూర్చుండెడిది. చనిపోవువారి కొరకు ఎట్టి ఇల్లు ఉండవలెనని వారిద్దరు మాటలాడుకొనెడివారు. అతడు చనిపోవునప్పుడు, ఆమె కట్టబోవు ఇంటిలో తాను ఒక కిటికీగా నుండునట్లు 500 పౌండ్లు ఆమె పేర విడిచెను. అప్పటికి ఇల్లు లేదు, స్థలము లేదు, కిటికీ మాత్రమున్నది! ఆమె తరువాత డాక్టరు చదువు చదివి, 1967లో లండనులో సెయింట్ క్రిస్టఫర్సు హాస్పిసును తెరచెను. రోగి నొప్పి దేహములోనిది మాత్రమే కాదని, మనస్సుది, ఆత్మది, ఇంటివారిది కూడ అందులో కలిసియుండునని ఆమె వైద్యులకు బోధించెను.

అది ధనవంతుల దేశమని మీరనవచ్చును. మన దేశములోని కేరళను చూడుడి. 1993లో కాలికట్‌లో కొందరు డాక్టర్లు ఈ పని మొదలుపెట్టిరి. తరువాత మలప్పురము మొదలైన జిల్లాలలో ఇరుగుపొరుగువారే, విద్యార్థులు, దుకాణదారులు, గృహిణులు, కొంచెము నేర్చుకొని మంచమున పడినవారి ఇండ్లకు వారము వారము పోవుచుండిరి. చిల్లర పైకమే కూర్చి ఖర్చు గడుపుకొనిరి. హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు అను భేదము అందులో లేదు. పిడికెడు బియ్యపు కానుకతో మందిరములు కట్టుకొనిన మనకు చిల్లరతో పని జరుగునని ఒకరు నేర్పవలెనా?

వేరు మతములవారి మాట వచ్చినది గనుక చెప్పుచున్నాము. ఇది కొందరికి రుచింపకపోవచ్చును. వార్డులో మన సహోదరుని ప్రక్క మంచము మీద ఒక ముస్లిము ముసలాయన ఉండును, ఆవలి ప్రక్క వేరొక ఊరి రైతు ఉండును. వారి భార్యలు కూడ అదే గచ్చుమీద పండుకొందురు. మనవారికి మాత్రము దుప్పటి కప్పి వచ్చుట ఎట్లు? మా స్త్రీల సమాజమువారు మొదటిసారి పోయినప్పుడే ఈ చిక్కు వచ్చి, తెచ్చిన రెండు దుప్పట్లలో ఒకటి అటు ఇచ్చివేసిరి. అప్పుడు ఒక సహోదరుడు, దుప్పటి మడతలో ఒక కరపత్రము పెట్టినచో బాగుండునని సలహా చెప్పెను. మేము వద్దంటిమి. సువార్త చెప్పుటకు మేము సిగ్గుపడువారము కాము. కాని భర్త ప్రాణము పోవుచున్న స్త్రీ ఏమి ఇచ్చినను కాదనలేదు. కాదనలేనివారి ముందు పెట్టునది గాలమునకు గ్రుచ్చిన ఎరవలె నుండును. మంచి సమరయుడు గాయములకు నూనెయు ద్రాక్షారసమును పోసి, తన వాహనముమీద ఎక్కించి, సత్రపువానికి రెండు దేనారములిచ్చి పోయెను. తన ఊరి పేరు చెప్పి పోయెనని వ్రాయబడలేదు.

ఫోటోలు తీయుట కూడ మానితిమి. ఆ మొదటి ఫోటోలో, వెనుక గోడ దగ్గర ఆ సహోదరి సగము మాత్రమే కనబడును. దానిని చూచునప్పుడెల్ల మాకు లోపల గుచ్చుకొనును.

మాటలను గూర్చియు ఇంతే. యోబు స్నేహితులను మనము నిందించుచుందుము గాని, వారు మొదట ఏడు పగళ్లు ఏడు రాత్రులు అతనితోకూడ నేలమీద ఊరక కూర్చుండిరి. అంతవరకు వారు మంచి స్నేహితులే. నోరు తెరచిన తరువాతనే చెడినది. పౌలు తన వెళ్లిపోవు కాలము సమీపించినదని తిమోతికి వ్రాసిన ఆ చివరి పత్రికలోనే, అదే అధ్యాయములో, త్రోయలో కర్పు ఇంట విడిచివచ్చిన అంగీని తెమ్మని అడిగెను. చలికాలము రాకముందే రమ్మనెను. నీతి కిరీటమును గూర్చి వ్రాసిన చేతితోనే చలికి కప్పుకొను బట్టను గూర్చియు వ్రాసెను. అది ఆయనకు అవమానముగా తోచలేదు. తిమోతి సమయమునకు చేరెనో లేదో మనకు తెలియదు.

సౌలు ఉపపత్నియైన రిస్పా సంగతియు మాకు తరచుగా జ్ఞాపకము వచ్చును. తన కుమారుల శవముల దగ్గర బండమీద గోనెపట్ట పరచుకొని, కోతకాలపు ఆరంభమునుండి వాన కురియువరకు పగలు పక్షులను, రాత్రి మృగములను తోలుచు కూర్చుండెను. ఆ సంగతి రాజుకు తెలిసిన తరువాత ఆ యెముకలకు సమాధి దొరికినది. కాని ఆ దినములన్నిటిలో ఎవరైన ఆమెకు ఒక కుండెడు నీళ్లు తీసికొనిపోయిరా? ఆ ఊరిలోను ఇండ్లుండెను గదా.

ప్రభువు తన తరువాత పంపెదనని చెప్పిన పరిశుద్ధాత్మను మన భాషలో ఆదరణకర్తయని పిలుచుచున్నాము. ఆ మాటకు గ్రీకులో ప్రక్కకు పిలువబడినవాడని అర్థమట. రోగము తీసివేయువాడని కాదు, కారణము వివరించువాడని కాదు, ప్రక్కకు వచ్చువాడని. ఈ అర్థము విన్ననాటినుండి మాకు ఆ వరండా వేరుగా కనబడుచున్నది.

పెట్టె సంగతి చెప్పి ముగించెదము. అది మందిరములో ప్రసంగపీఠమునకు ఎడమ ప్రక్కన ఉన్నది. పాత ఇనుప ట్రంకు పెట్టె, తాళము వేయము. అందులో ఒక ప్లాస్టికు చాప, రెండు దుప్పట్లు, ఒక ఫ్లాస్కు, రెండు తువాళ్లు, సబ్బు, కొబ్బరినూనె సీసా, దువ్వెన, ఫోను చార్జరు, మెత్తని పాత నూలు గుడ్డలు, తెల్లని కొత్త గుడ్డ ఒకటి, ఒక కవరులో బస్సు ఛార్జీకిని టీకిని సరిపడు చిల్లర ఉండును. ఆ తెల్ల గుడ్డ పెట్టవలెనా వద్దా యని చాల తర్జనభర్జన జరిగినది. పెట్టుమని పట్టుబట్టినది మేము మొదట చెప్పిన ఆ సహోదరియే. భర్త చనిపోయిన తెల్లవారుజామున శవము మీద కప్పుటకు గుడ్డ లేక తన చీరనే కప్పినదట. అందుచేత ఆ గుడ్డ అన్నిటికి అడుగున, కాగితములో చుట్టి ఉండును. కావలసినవారికి తప్ప కనబడదు.

తీసికొనిపోయినవారి పేరు వ్రాసికొనము. తిరిగి తెచ్చిరా లేదా యని అడుగము. కొన్ని రాలేదు. ఫ్లాస్కు రెండుమారులు పోయినది, రెండుమారులు ఎవరో కొత్తది తెచ్చి పెట్టిరి. ఎవరో మాకు తెలియదు. ఒక దుప్పటి ఏడు నెలల తరువాత ఉతికి మడతపెట్టి వచ్చినది; మడతలో పది రూపాయల నోట్లు మూడు ఉన్నవి.

గత బుధవారము రాత్రి ఒక ఇంటివారు తమ తల్లిని తీసికొని పట్టణమునకు పోయిరి. పోవునప్పుడు పెట్టె దగ్గర ఆటో ఆపినది పెద్దగారే. చాప ఆయన చంకలో పెట్టుకొని ఆటోలో వారితోకూడ ఎక్కిరి. ప్రస్తుతము పెట్టెలో చాప లేదు. వచ్చు ఆదివారము ఎవరైనను సంతకు పోయినయెడల ఒకటి తేవలెను.